జెడ్4 కొనాలంటే పాత ఈ89 మేలా, కొత్త జీ29 మేలా?

చిత్తూరుకు చెందిన ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. ఆయనకు వారమంతా బెంగళూరులో ఉద్యోగం, శని ఆదివారాలు సొంత ఊరిలో మకాం. కుటుంబం తిరగడానికి ఇంట్లో వేరే కారు ఉంది. తన ముచ్చట తీరడానికి రెండు సీట్ల బీఎండబ్ల్యూ జెడ్4 ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొనాలనుకుంటున్నారు. చూసి వచ్చిన వాటిలో ఒకటి 2011 నాటి ఈ89 తరం 35ఐ, మరొకటి 2020 నాటి జీ29 తరం ఎం40ఐ. రెండో దాని ధర మొదటి దానికి రెట్టింపు దాటింది. అంత తేడా పెట్టడం అవసరమా, మిగిలిన డబ్బులో కొంత ఖర్చు పెట్టి పాతదాన్నే బాగు చేయించుకుంటే సరిపోదా అన్నది ఆయన సందేహం.

మీరు చెప్పిన పరిస్థితికి కొత్త తరమే సరైనది. ఎం40ఐకి డబ్బు చాలకపోతే, అదే తరంలో నాలుగు సిలిండర్ల 20ఐ వెతుక్కోండి గాని, ధర తక్కువని ఆరు సిలిండర్ల పాత 35ఐ వైపు వెళ్లకండి. ఈ మాట ఆరు సిలిండర్ల అభిమానులకు రుచించదని తెలుసు. పాత 35ఐ కొనదగిన సందర్భం కూడా ఒకటుంది, దాని గురించి తరువాత చెబుతాను. బెంగళూరులో దిగుమతి కార్ల మీద పని నేర్చుకుని, తిరుపతికి వచ్చి సొంత షెడ్డు పెట్టుకున్నవాణ్ణి నేను. ఇక్కడివారు చెన్నై, బెంగళూరు, హైదరాబాదులలో ఇలాంటి కార్లు కొనేముందు పరీక్ష కోసం నన్ను తీసుకెళ్తుంటారు కనుక, ఈ సమాధానం ఆ అనుభవం నుంచి వచ్చిందే.

ముందుగా డబ్బు లెక్కను సరిచేసుకోవాలి. కారు పాతబడేకొద్దీ దాని ధర తగ్గుతుంది గాని, దానికి పడే సామాన్ల ధర తగ్గదు. 2011 నాటి కారుకు మీరు చెల్లించేది నేటి మధ్యతరగతి ఎస్‌యూవీ ధరే కావచ్చు, కానీ దాని ఇంజెక్టర్లు, టర్బోలు, పైకప్పు మోటార్లు ఇప్పటికీ ఖరీదైన విదేశీ కారు సామాన్ల ధరకే వస్తాయి. పైగా పాత మోడల్ సామాను కొన్నిసార్లు వారాల తరబడి రాదు. రెండు పెద్ద మరమ్మతులు ఒకే ఏడాదిలో వచ్చాయంటే చారాణా కోడికి బారాణా మసాలా అన్నట్టే అవుతుంది. కాబట్టి మీరు పోల్చవలసింది రెండు కొనుగోలు ధరలను కాదు. కొన్న తరువాత మూడు నాలుగేళ్లు నడిపి, మళ్లీ అమ్మే నాటికి మీ చేతి నుంచి మొత్తం ఎంత పోతుందన్నదే పోల్చాలి. అలా చూసినప్పుడు రెండింటి మధ్య దూరం చాలా వరకు తగ్గిపోతుంది.

ఇక కార్ల సంగతి. ఈ89 తరం 2009లో వచ్చి 2016 దాకా జర్మనీలోని రెగెన్స్‌బర్గ్ కర్మాగారంలో తయారైంది. జీ29ను 2018లో ఆవిష్కరించారు. టయోటాతో కలిసి రూపొందించిన ప్లాట్‌ఫామ్ (కారు అడుగు చట్రం) మీద, టయోటా వారి సుప్రా కారుతో పాటు, ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో మాగ్నా స్టెయర్ కర్మాగారంలో దీన్ని తయారు చేశారు. పేరు ఒకటే అయినా ఇంజన్, గేరుబాక్సు, పైకప్పు మూడూ వేరు. మీ నిర్ణయం కూడా ఈ మూడింటి మీదే ఆధారపడాలి. లోపలి తెరలు, సీట్లు, లైట్ల గురించి నేను పెద్దగా చెప్పను, అవి కళ్లతో చూసి తేల్చుకోగలిగినవే.

పాత 35ఐలో ఉన్నది ఎన్54 అనే మూడు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్. రెండు చిన్న టర్బోలు, 306 హార్స్‌పవర్, 400 న్యూటన్ మీటర్ల టార్క్. నడిపేవాడికి ఇది నిజంగా గొప్ప ఇంజన్, ఆ మాటలో నాకు సందేహం లేదు. అయితే దీని బలహీనతలు ప్రపంచమంతటా నమోదైనవే. పెట్రోలును అధిక పీడనంతో ఇంజెక్టర్లకు పంపే పంపు విషయంలో 2010లో అమెరికాలో ఏకంగా రీకాల్ జరిగింది. ఇంజెక్టర్లు పియెజో (విద్యుత్తు తగలగానే సాగే స్ఫటికంతో తెరుచుకునే) రకానివి కావడంతో, ఒకటి మార్చినా దాని మీద ఉన్న సంఖ్యలను కంప్యూటర్‌లో నమోదు చేస్తే తప్ప సరిగా పనిచేయవు. టర్బోల వేస్ట్‌గేట్ (అదనపు పొగను పక్కకు మళ్లించే చిన్న తలుపు) అరిగితే చల్లని ఇంజన్‌లో గలగలమని శబ్దం వస్తుంది. పెట్రోలు నేరుగా సిలిండర్‌లో పడుతుంది కాబట్టి, గాలిని లోపలికి పంపే ఇంటేక్ వాల్వులను కడిగే పెట్రోలు లేకపోవడంతో వాటి మీద మసి గట్టిగా పేరుకుంటుంది. దాన్ని గీకి తీయడం సగం రోజు పని.

అన్నింటికంటే మన ప్రాంతంలో నేను భయపడేది ఎలక్ట్రిక్ వాటర్ పంపు గురించి. బెల్టుతో తిరిగే పాతకాలపు పంపు లీకు రూపంలోనో శబ్దం రూపంలోనో ముందుగా కొంత సూచన ఇస్తుంది. విద్యుత్తుతో తిరిగే ఈ పంపు చాలాసార్లు ఏ సూచనా లేకుండా ఆగిపోతుంది. మే నెలలో నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం మొగిలి ఘాట్ ఎక్కుతుండగా అది ఆగిపోతే, ఉష్ణోగ్రత హెచ్చరిక వెలిగిన వెంటనే ఇంజన్ కట్టేసి పక్కన నిలపడం తప్ప మీ చేతిలో ఏమీ ఉండదు. "ఇంకో రెండు కిలోమీటర్లే కదా" అని నడిపితే సిలిండర్ హెడ్ వంగిపోతుంది. కాబట్టి ఈ ఇంజన్ ఉన్న కారును ఎవరు కొన్నా, పంపూ థర్మోస్టాటూ ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే, రెండింటినీ కొన్న వారంలోనే మార్చేయమని చెబుతాను.

కొత్త ఎం40ఐలోని బీ58 కూడా మూడు లీటర్ల ఆరు సిలిండర్లదే. అయితే టర్బో ఒకటే, శక్తి 340 హార్స్‌పవర్, టార్క్ 500 న్యూటన్ మీటర్లు. సిలిండర్ల చుట్టూ లోహం పైదాకా మూసి ఉండే క్లోజ్డ్ డెక్ బ్లాక్ దీనిది. టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ ఇందులో నీటితో చల్లబడుతుంది, దాన్ని ఇంజన్‌లోకి గాలి పంపే ఇంటేక్ మానిఫోల్డ్‌లోనే అమర్చారు. ఎన్54 అనుభవంలో తేలిన లోపాలను ఒక్కొక్కటిగా సరిదిద్దుకుంటూ వచ్చిన ఇంజన్ అని దీని గురించి చెప్పవచ్చు. సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగానికి కంపెనీ చెప్పిన లెక్కలు పాతదానికి 5.1 సెకన్లు, దీనికి 4.5 సెకన్లు. ఆ తేడా మన రోడ్ల మీద ఎవరికీ అక్కరకు రాదు గాని, తక్కువ వేగంలోనే పుష్కలంగా అందే టార్క్ ఘాట్ రోడ్డులో రోజూ అక్కరకు వస్తుంది. దీనిలోనూ ప్లాస్టిక్ కూలెంట్ గొట్టాలు ఉన్నాయి, దీనిలోనూ పెట్రోలు నేరుగా సిలిండర్‌లోనే పడుతుంది. వయసు పెరిగితే ఇదీ ఖర్చు పెట్టిస్తుంది, కానీ 2020 నాటి కారుకు ఆ వయసు ఇంకా రాలేదు.

గేరుబాక్సు విషయంలో నా అభిప్రాయం మరింత గట్టిది. పాత 35ఐలో సాధారణంగా దొరికేది ఏడు గేర్ల డబుల్ క్లచ్ పెట్టె. ఖాళీ రోడ్డు మీద అది గేరు మార్చే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. అయితే బెంగళూరు సిల్క్ బోర్డు దగ్గరో, బ్రహ్మోత్సవాల రోజుల్లో తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గరో అంగుళం అంగుళం జరిపే ట్రాఫిక్‌లో, క్లచ్ సగం పట్టి సగం వదిలే స్థితిలోనే ఎక్కువసేపు ఉంటుంది. దానివల్ల నూనె వేడెక్కుతుంది, క్లచ్ పలకలు అరుగుతాయి. దాన్ని నియంత్రించే మెకట్రానిక్ యూనిట్ పాడైతే దాని మీద చేయి వేయగలిగినవారు మన జిల్లాలో దొరకడం కష్టం. కొత్తదానిలో జెడ్‌ఎఫ్ కంపెనీ ఎనిమిది గేర్ల టార్క్ కన్వర్టర్ (ఇంజన్ శక్తిని నూనె ద్వారా గేర్లకు అందించే) ఆటోమేటిక్ ఉంది. ఇదే కుటుంబానికి చెందిన పెట్టె ఎన్నో కంపెనీల కార్లలో ఉండటంతో, పని తెలిసినవారు చెన్నైలోనూ బెంగళూరులోనూ చాలామంది ఉన్నారు. కంపెనీ పుస్తకం దాని నూనె జీవితకాలం సరిపోతుందంటుంది. గేరుబాక్సు తయారుచేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. నేను జెడ్‌ఎఫ్ మాటే వింటాను. 2025లో ఎం40ఐకి ఆరు గేర్ల మాన్యువల్ కూడా మన దేశానికి వచ్చింది గాని, అది సెకండ్ హ్యాండ్‌లో మీ బడ్జెట్‌కు దిగడానికి చాలా కాలం పడుతుంది.

పైకప్పు గురించి చాలామంది తలకిందులుగా ఆలోచిస్తారు. పాత ఈ89కు రెండు ముక్కలుగా ముడుచుకునే అల్యూమినియం గట్టి కప్పు ఉంది, కొత్త జీ29కు గుడ్డ కప్పు. ఎండకూ వానకూ రేకే మేలు కదా అని మన పెద్దలైతే అంటారు. కానీ ఆ రేకు కప్పు తెరుచుకోవాలంటే హైడ్రాలిక్ పంపు, సిలిండర్లు, కీళ్లు, పదేపదే వంగే వైర్ల కట్ట, ప్రతి కదలికను గమనించే చిన్న చిన్న స్విచ్‌లు అన్నీ ఒకదాని తరువాత ఒకటి సరిగ్గా పనిచేయాలి. డిక్కీ మూత దగ్గర వంగే చోట వైరు తెగిందంటే కప్పు సగం దారిలో ఆగిపోతుంది. ఆకాశం మబ్బు పట్టిన సాయంత్రం రేణిగుంట రోడ్డు మీద అలా ఆగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. గుడ్డ కప్పు సుమారు పది సెకన్లలో, కారు గంటకు 50 కిలోమీటర్ల లోపు వేగంతో కదులుతుండగానే తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. ఇంకో లాభం డిక్కీలో ఉంది. కప్పు తెరిచినా మూసినా కొత్తదానిలో 281 లీటర్ల చోటు అలాగే ఉంటుంది. పాతదానిలో కప్పు మూసినప్పుడు 310 లీటర్లున్నది, తెరవగానే 180కి పడిపోతుంది. అంటే బెంగళూరు నుంచి వారాంతపు సంచులతో బయలుదేరితే కప్పు తెరిచే యోగం ఉండదు. గుడ్డ కప్పుకు ఉన్న శత్రువు మాత్రం ఎండే. రోజంతా ఆరుబయట నిలిపితే రంగు వెలిసి, అంచుల రబ్బరు బీడింగ్ గట్టిపడుతుంది. ఇంట్లో నీడనిచ్చే షెడ్డు లేనివారు రెండు తరాలలో ఏదీ కొనకపోవడం మంచిది.

మన రోడ్ల మీద తేడా గురించి ఒక మాట. రెండూ నేలకు దగ్గరగా ఉండేవే, రెండింటికీ ముందు బానెట్ పొడవే. కొత్తది మొత్తం పొడవులో పాతదానికంటే పెద్దదైనా, చక్రాల మధ్య దూరం 2,496 నుంచి 2,470 మిల్లీమీటర్లకు తగ్గింది. దానివల్ల స్పీడ్ బ్రేకర్ల మీద పొట్ట తగలడం కొద్దిగా తగ్గుతుంది గాని, ముందు బంపర్ గురించి జాగ్రత్త తప్పదు. చిత్తూరు–తిరుపతి రహదారి మీద ఏ కారైనా హాయిగా పోతుంది. పల్లెల్లోకి దిగే సర్వీస్ రోడ్ల మీదే అసలు పరీక్ష. ఇక తిరుమల ఘాట్ మీద వేగం చూపించాలన్న ఆలోచన ఉంటే ఇప్పుడే వదులుకోండి. కనీస ప్రయాణ సమయం కంటే ముందుగా చేరితే తనిఖీలో తెలిసిపోతుంది, పైగా అది యాత్రికుల దారి. దిగేటప్పుడు మాత్రం బ్రేకు మీదే కాలు పెట్టుకుని కూర్చోకుండా, గేరు తగ్గించి ఇంజన్‌తో వేగాన్ని అదుపు చేయండి. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు మలుపులలో బ్రేకులు వేడెక్కి వాసన వచ్చే కార్లు ఏటా మా షెడ్డుకు వస్తూనే ఉంటాయి.

టైర్ల విషయంలో, పాత ఈ89కు రన్‌ఫ్లాట్ టైర్లు (గాలి పోయినా కొంతదూరం నడిచేవి) వచ్చేవి, స్టెప్నీ లేదు. ఆ టైర్ల పక్క గోడ గట్టిగా ఉంటుంది కాబట్టి సాధారణ పంక్చర్ షాపు యంత్రం మీద విప్పితే రిమ్ము అంచు గీసుకుపోతుంది. టైరు పక్కన ఉండే నాలుగు అంకెలు తప్పక చదవండి. 3218 అని ఉంటే 2018లో 32వ వారంలో తయారైందని అర్థం. ఏడాదికి రెండు వేల కిలోమీటర్లే తిరిగిన కార్లకు టైరు అరగదు, ఎండిపోతుంది. చూడటానికి కొత్తగానే కనిపిస్తుంది, వానలో జారుతుంది.

పెట్రోలు గురించి ఈ మధ్య అందరూ అడుగుతున్నారు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే ఇప్పుడు బంకుల్లో సాధారణం, 2023 ఏప్రిల్ తరువాత తయారైన కార్లనే ఆ మిశ్రమాన్ని దృష్టిలో పెట్టుకుని ఇచ్చారు. మీరు చూసిన రెండూ అంతకుముందువే. ఏ కారుకు ఎంత ఇథనాల్ దాకా అనుమతి ఉందో పెట్రోలు మూత లోపలి స్టిక్కరులోనూ, కారు పుస్తకంలోనూ రాసి ఉంటుంది, చదివి నిర్ణయించుకోండి. పదిహేనేళ్ల రబ్బరు గొట్టాలూ సీళ్లూ ఉన్న కారుకు రెండింటిలో ఎక్కువ ప్రమాదమని వేరే చెప్పనక్కరలేదు. కారును నెలల తరబడి నిండు ట్యాంకుతో నిలిపి ఉంచకండి.

కాగితాల సంగతి చాలామంది చివరికి వదిలేస్తారు, మీరు దాన్నే ముందు చూడాలి. 2011 నాటి కారుకు పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ గడువు 2026తో ముగుస్తుంది. ఆ తరువాత ఫిట్‌నెస్ పరీక్ష చేయించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. దిగుమతి అయిన నాలుగు చక్రాల వాహనానికి ఆ పొడిగింపు రుసుమును 2022 ఏప్రిల్ నుంచి రూ.40,000 చేశారు. జెడ్4 పూర్తిగా దిగుమతి అయిన కారే. కర్ణాటక రిజిస్ట్రేషన్ ఉన్న కారును చిత్తూరులో శాశ్వతంగా ఉంచుకుంటే, అక్కడి నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చి, ఇక్కడ వాహనం వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టి, ఏపీ నంబరు వేయించుకోవాలి. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే రిజిస్ట్రేషన్ మార్చుకోవాలని మోటారు వాహనాల చట్టమే చెబుతోంది. మీరు వారమంతా బెంగళూరులోనే ఉంటారు కాబట్టి అక్కడి నంబరుతోనే నడిపే వీలు మీకుంది, అందువల్ల బెంగళూరు కారే వెతకండి. ఢిల్లీ కారు మరీ చౌకగా కనిపిస్తే, అక్కడ పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కార్ల మీద ఉన్న ఆంక్షలే దానికి కారణమై ఉండవచ్చు.

ఇక పరీక్ష. ఇక్కడివారి కోసం బెంగళూరులో ఒక 35ఐ చూడటానికి వెళ్లినప్పుడు, ముందు రోజే ఫోన్ చేసి ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఉంచమన్నాము. మేము చేరేసరికి బానెట్ మీద చెయ్యి వేస్తే వెచ్చగా ఉంది. చల్లని ఇంజన్‌లో మాత్రమే వినిపించే శబ్దాన్ని దాచడానికే ఎక్కువమంది ముందుగా స్టార్ట్ చేసి పెడతారు. ఆ తరువాత స్కానర్ పెడితే తప్పుల జాబితా ఖాళీగా వచ్చింది. చాలామంది అక్కడితో సంతోషించి ఆగిపోతారు. మేము దాని పక్కనున్న, కారు కంప్యూటర్ తనంతట తాను చేసుకునే స్వీయ పరీక్షల పట్టిక చూశాము. దాదాపు అన్నీ "అసంపూర్తి" అని ఉన్నాయి. అంటే కొద్ది కిలోమీటర్ల ముందే ఎవరో తప్పులన్నీ చెరిపేశారు. టార్చి వేసి ఆయిలు ఫిల్టరు పెట్టె కింద చూస్తే, గ్యాస్కెట్ అంచు నుంచి కారిన నూనె చార దుమ్ముతో కలిసి బెల్టు వైపు నల్లగా దిగి ఉంది. అమ్మే ఆయన బిల్లుల ఫైలు ఇంట్లో మరిచిపోయానన్నారు. బేరం అక్కడితో ముగిసింది.

కొత్త తరానికి పరీక్ష వేరు. వయసు తక్కువ కాబట్టి అరుగుదల కంటే ప్రమాదాలూ వరదలే ఎక్కువ అనుమానించాలి. ఫెండర్ బోల్టుల తలల మీద పెయింటు పగిలి ఉందా, అద్దాల మీది తయారీ సంవత్సరాలు అన్నీ ఒకటేనా, డిక్కీలో కార్పెట్ ఎత్తితే బ్యాటరీ చుట్టూ సన్నని ఒండ్రు ఉందా, సీటు పట్టాలు తుప్పు పట్టాయా చూడండి. చెన్నైలో 2015 డిసెంబరులో, 2023 డిసెంబరులో ఎన్ని కార్లు మునిగాయో అందరికీ తెలుసు. మన తిరుపతిలోనే 2021 నవంబరు వరదకు సెల్లార్లలో నిలిపిన కార్లు నీళ్లలో నానాయి. బీమా క్లెయిముల చరిత్ర అడిగి తీసుకోండి. ఇవ్వడానికి వెనుకాడే అమ్మకందారుతో ఇంకో మాట అనవసరం. బ్యాటరీ మార్చి ఉంటే, దాన్ని కారు కంప్యూటర్‌లో నమోదు చేశారో లేదో కూడా స్కానర్‌తో చూడాలి. అలా చేయకుండా ఏదో ఒక బ్యాటరీ బిగించిన కారులో చార్జింగు తేడా వచ్చి, సంబంధం లేని తప్పులన్నీ తెర మీద వెలుగుతాయి.

పాత 35ఐ కొనదగిన సందర్భం ఉందన్నాను కదా. మొదటి యజమాని నుంచి ఇప్పటిదాకా ప్రతి సర్వీసుకూ బిల్లు ఉండి, పంపు, ఇంజెక్టర్లు, గ్యాస్కెట్లు ఇటీవలే మార్చి ఉండి, కారు ధరలో కనీసం మూడోవంతు మరమ్మతుల కోసం బ్యాంకులో విడిగా ఉంచుకోగలిగి, రెండు నెలలు కారు షెడ్డులో ఉన్నా మనసు కష్టపెట్టుకోని వ్యక్తి అయితే నిరభ్యంతరంగా కొనవచ్చు. ఆ పొడవాటి బానెట్ వెనుక కూర్చుని ఎన్54 గొంతు వింటూ భాకరాపేట ఘాట్ ఎక్కడంలోని ఆనందం కొత్తదానిలో పూర్తిగా దొరకదని ఒప్పుకుంటాను. కానీ మీకు కారు చేతికందేది వారానికి రెండు రోజులే. ఆ రెండు రోజులూ అది లిఫ్ట్ మీద ఉంటే మీకు మిగిలేది ఈఎంఐ ఒక్కటే.

20ఐ గురించి చెప్పి ముగిస్తాను. 197 హార్స్‌పవర్, 320 న్యూటన్ మీటర్లు అన్న అంకెలు చూసి చిన్నచూపు చూడకండి. ముందు భాగంలో బరువు తక్కువ కాబట్టి మలుపులో ముక్కు తేలికగా తిరుగుతుంది. గేరుబాక్సు, గుడ్డ కప్పు ఎం40ఐలో ఉన్నవే. మీరు చూసిన ఎం40ఐ యజమాని దిగి రాకపోతే, బెంగళూరులో 2019 నాటి 20ఐ ఒకటి వెతికి, చల్లని ఇంజన్‌తో ఒక ఉదయం నడిపి చూడండి. సర్వీసు ఫైలు, బీమా క్లెయిముల వివరాలు, టైర్ల మీది నాలుగు అంకెల ఫొటోలు ముందుగా తెప్పించుకుని ఆ తరువాతే బయలుదేరండి.